ఇంకుబుడ్డి అడిగితే సీసా ఇచ్చాను

సైన్సు మేస్టారు పోయారు. రామచంద్రపురం నుంచి కార్డు వచ్చింది. వాళ్ళావిడ రాశారు, నాలుగు ముక్కలే. "మేస్టారు గారు ప్రభువు నందు నిద్రించినారు. కామెర్లు ముదిరి లివరు పాడైనది. కబురు తెలియజేయవలసిన వారిలో రేవులో నావ ఆయన అని మిమ్మల్ని కూడా చెప్పినారు."

మా వైపు చావు కబురు కార్డు ఇంట్లో ఉంచరు. చదివి, చింపి, గుమ్మం బయట పారేసి కాళ్ళు కడుక్కుంటారు. నేను చింపలేదు. నాకున్న చదువుకి ఆ నాలుగు ముక్కలు కూడబలుక్కోవడానికే చాలాసేపు పట్టింది. ఆఖరి ముక్క దగ్గర మళ్ళీ మళ్ళీ ఆగిపోయాను. తన కబురు నాకు చెప్పమని ఆ మనిషి గుర్తు పెట్టుకుని చెప్పాడు. నాకు చెప్పకుండా ఉండాల్సింది. అదే న్యాయం.

కార్డు చూర్లో దోపి రేవు దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను. నాకంటే ముందే కబురు అక్కడికి చేరింది.

"దేంతో పోయేరంట?"

"లివరంటండి. కామెర్లు."

"లివరా? మరి పోదేంటి! అప్పట్లో సారా సీసాతో దొరికిన మనిషి కదా."

"ఆయ్. ఆ రోజు ప్రెసిడెంటు గారన్నమాటే నిజమైందండి. ఆకు కోసమని ఎన్ని కబుర్లు చెప్పేరు!"

అందరూ నవ్వారు. పాపం అని కూడా అన్నారు. పదిహేనేళ్ళ నాటి మాట మళ్ళీ లేచింది. అంత మంచాయన, ఒక్క తాగుడే చెడగొట్టిందన్నారు. నేను అక్కడే గ్లాసు పట్టుకుని కూచున్నాను. పదిహేనేళ్ళ కిందట లేవని నా నోరు ఆ రోజు కూడా లేవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మా ఊరి బడిలో ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై, ఆయన జ్ఞాపకంగా ఈ చిన్న పుస్తకం వేస్తున్నారు. "తాతా, నువ్వు ఏళ్ళ తరబడి మేస్టారిని నావ దాటించేవు కదా, రెండు ముక్కలు చెప్పు, మేం రాసుకుంటాం" అన్నారు. చెప్పను, రాసి ఇస్తానన్నాను. నవ్వుకున్నారు. నవ్వుకోండి. అక్షరాలు మా మనవరాలు దిద్దింది. సంగతి మాత్రం ఒక్కటి కూడా దిద్దనివ్వలేదు.

సంగతి ఇది. ఆయన జన్మలో సారా ముట్టలేదు. ఆ సీసా నేను ఇచ్చాను. ఆకు కోసమే ఇచ్చాను.

ఇక మొదటినుంచి చెబుతాను.

వైనతేయ మీద ఈ రేవులో నేను ముప్పై ఏళ్ళు నావ నడిపాను. గెడ వేసినా తెడ్డు వేసినా ఈ పాయ మీద నా అంతవాడు లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట. రేవు పంచాయతీది. నన్ను పెట్టింది ప్రెసిడెంటు గారు. అది పగటి పని. ఇంకో పని కూడా ఉండేది. ఏటి మధ్య లంకలో, రెల్లు దుబ్బుల వెనక, బెల్లం ఊట వేసి సారా కాచేవాణ్ణి. ఊళ్ళో తెలియనివాడు లేడు. తెలిసిన పెద్దమనుషుల ఇళ్ళకే ముందు వెళ్ళేది.

మేస్టారు డెబ్బైల మొదట్లో వచ్చారు. అప్పటికి ముప్పై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కాపురం ఇవతలి ఒడ్డున పేటలో, చర్చి పక్క వీధిలో. బడి అవతలి ఒడ్డున. రోజూ పొద్దున్న మొదటి నావకి సైకిలు ఎత్తుకుని వచ్చేవారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూచున్నాకే తను కూచునేవారు. చోటు లేకపోతే సైకిలు పట్టుకుని అలాగే నిలబడేవారు. భుజాన గుడ్డ సంచీ. అందులో ఏం ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదు. ఓ రోజు తడిగుడ్డలో మొలకెత్తిన పెసలు, ఓ రోజు డబ్బాలో వానపాములు, ఓ రోజు చీల్చిన కొబ్బరి మొక్క కాయ. మనం పిల్లలకి తినిపించే కొబ్బరి పువ్వుని చూపించి, "ఇది మనకి పెట్టింది కాదండి, చెట్టు తన పిల్లకి దాచిపెట్టిన బువ్వ" అనేవారు.

బడిలో ఆయన చెప్పే పాఠం నావలో మాకు ముందే అయిపోయేది. ఏడో తరగతి పిల్లలకి మధ్యాహ్నం చెప్పేది చేపల బుట్టలవాళ్ళకీ, కొబ్బరికాయల కూలీలకీ, నాకూ పొద్దున్నే తెలిసేది.

ఒకసారి నేను గెడ వేస్తుంటే నా వంకే చూస్తూ కూచున్నారు. నాకు చిరాకేసింది.

"ఏంటండి మేస్టారూ, నా ఒంటి మీద ఏమైనా రాసుందేంటండి?"

"మీ ఊపిరి లెక్కెడుతున్నానండి బాబాయ్. గెడ పట్టకముందు నిదానంగా ఉంది. ఇప్పుడు దానికి రెట్టింపైంది."

"బరువు తోస్తే ఆయాసం రాదేంటండి?"

"ఎందుకొస్తుందండి?"

ఎందుకంటే ఏం చెప్పను? ఆయాసం ఆయాసమే. అప్పుడాయన చెప్పారు. మనం తిన్న అన్నం ఒంట్లో సన్నగా మండుతూ ఉంటుందట, నిప్పు కనిపించకుండా. ఆ వేడితోనే గెడ వెయ్యగలుగుతాం. ఎక్కువ పని చేస్తే ఎక్కువ మండాలి, మంటకి గాలి కావాలి, అందుకని రొమ్ము ఎగిసిపడుతుంది. "తిన్నది కట్టె అండి బాబాయ్, పీల్చింది గాలి. రెండూ ఉంటేనే పొయ్యి." ఆ మాట తరవాత నేనెప్పుడు ఆయాసపడినా గుర్తొస్తుంది. ఈ వయసులో రోజూ గుర్తొస్తోంది.

మండితే పొగ రావాలి కదా అని నేనే అడిగాను. మర్నాడు చూపించారు. మా ఆవిడ ఆకువక్క పెట్టెలోంచి సున్నం అడిగి పట్టుకెళ్ళి, నీళ్ళలో కలిపి, అడుగుకి దిగాక పైన తేట వంచి గాజుగ్లాసులో పోసుకొచ్చారు. బొప్పాయి కాడ ఒకటి తెంపి, నావలో ఉన్న చేపలామె చేతికిచ్చి, గ్లాసులో పెట్టి ఊదమన్నారు. ఊదింది. తేట నీళ్ళు పాలలా అయిపోయాయి. ఆమె గ్లాసు వదిలేసినంత పని చేసింది.

"అమ్మో! నా నోట్లో ఏం పాపముందండి బాబూ!"

"పాపం కాదమ్మా, పొగ. మీ ఒంట్లో పొయ్యి పొగ. ప్రెసిడెంటు గారు ఊదినా ఇలాగే అవుతుంది."

"ఆయనగారు ఊదితే నల్లగా అవుతాయండి" అన్నాడు వెనక నుంచి ఎవడో. నావంతా ఊగిపోయింది నవ్వుతో.

ఆమె బుట్టలో బతికున్న కొరమీను నోరు తెరిచి మూస్తుంటే అది నీళ్ళు తాగుతోందని నేను యాభై ఏళ్ళు అనుకున్నాను. చెంపల దగ్గర ఎర్రటి దువ్వెనలు ఎత్తి చూపించి, నీళ్ళలో ఉన్న గాలిని వాటితో వడగట్టుకుంటుందని చెప్పారు. నది మీద పుట్టినవాణ్ణి, చేప గురించి నాకు బడిపంతులు చెప్పడమేంటని లోపల పౌరుషం వచ్చింది. కానీ చూశాక కాదనలేకపోయాను. ఆయన మాట కూడా అదే. "చూడకుండా ఒప్పుకోకండి. చూసేక కాదనకండి." పిల్లలకీ అదే చెప్పేవారట.

చెట్టు దగ్గర మాత్రం నేను లొంగలేదు. చెట్టు మట్టి తిని బతుకుతుందన్నాను. పెంట వేస్తే ఏపుగా పెరగడం లేదా? ఆయన కాదన్నారు. చెట్టు నీళ్ళూ ఉప్పులూ మట్టిలోంచి పీల్చుకుంటుంది గానీ, అన్నం మాత్రం ఆకులో వండుకుంటుందన్నారు. పొయ్యి ఎండట. గాలి, నీళ్ళు సరుకులట.

"వండిన కూడు ఏదండి? ఆకు చింపితే పసరు తప్ప ఏం లేదు. చూపించండి, ఒప్పుకుంటాను."

ఈ మాట నేనే అన్నాను. రాసుకోండి. ఆయనంతట ఆయన సారా జోలికి రాలేదు. నేను పంతం పట్టి చూపించమన్నాను.

మర్నాడు కాంపౌండరు దగ్గర దెబ్బలకి రాసే టింక్చరు చిన్న బుడ్డితో తెచ్చారు. నా చద్దన్నం మూటలోంచి నాలుగు మెతుకులు తీయించి, వాటి మీద ఓ చుక్క వేశారు. మెతుకు నీలంగా, నల్లగా తిరిగిపోయింది. గంజి ఉన్నచోటల్లా అలా నల్లబడుతుందన్నారు. ఆకులో కూడా గంజే ఉంటుంది, దాని మీదా వేస్తే నల్లబడాలి.

"వెయ్యండి మరి."

"పచ్చరంగు అడ్డమండి బాబాయ్. ముందు ఆ రంగు దింపాలి. నీళ్ళకి దిగదు. స్పిరిటులో ఉడకబెట్టాలి. బళ్ళో స్పిరిటు అయిపోయి ఏడాదైంది. అమలాపురం రాసేను, రాలేదు."

అలా అని ఊరుకున్నారు. నావ ఒడ్డుకి చేరుతోంది. అందరూ దిగాక సైకిలు దించుకుంటూ, తల వంచుకుని, నెమ్మదిగా అడిగారు.

"మీ దగ్గర… మొదటి ధార ఘాటుగా ఉంటుందంటారు కదండి. నిప్పు చూపిస్తే అంటుకునేది. అది పనికొస్తుందండి. కొంచెం చాలు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఊరందరూ చాటుగా కొనుక్కుని, పగలు నన్ను చూసి మొహం తిప్పుకునే సరుకు. దాన్ని ఒక చదువుకున్నాయన పాఠం కోసం అడిగాడు. ఆయన అప్పటికే బడి ముందున్న మందార చెట్టు మీద రెండు మూడు ఆకులకి నడిమధ్యన నల్లకాగితం ముక్కలు గుండుసూదితో గుచ్చి ఉంచారు. కాగితం కప్పినచోట ఎండ తగలదు, అక్కడ వంట జరగదు, అక్కడ నల్లబడదు. అది చూస్తే బాబాయ్ నోరు మూతపడుతుందని నవ్వారు. పిల్లలకి రేపు వింత చూపిస్తానని చెప్పారట.

మర్నాడు పొద్దున్నే కడిగి ఆరబెట్టిన ఇంకుబుడ్డి ఒకటి నా చేతికిచ్చారు. "ఇందులో సగం పొయ్యండి, చాలు."

ఇక్కడే నేను ఆయన్ని ముంచాను.

"ఇంకుబుడ్డేంటండి మేస్టారూ! కోడిపిల్లకి మందు పోస్తారా? నా దగ్గరికొచ్చి ఇంకుబుడ్డితో పట్టుకెళ్ళేరంటే నాకు నామోషీ కాదా?"

అని, లంకలోంచి తెచ్చిపెట్టుకున్న నిండు సీసా తీశాను. ఆ కాపులో మొదట దిగిన సరుకు. మూతి కొబ్బరి పీచుతో బిరడా కట్టి, అరటాకు చుట్టాను.

"వద్దండి బాబాయ్. ఇంతెందుకండి? నాకు దాచుకోడం కూడా చాతకాదు."

"మిగిలింది వచ్చే ఏడుకి ఉంచండి" అని సంచీలో కుక్కేశాను. డబ్బులు తీయబోతే చెయ్యి తోసేశాను. ఆ రోజంతా గర్వంగా నావ నడిపాను.

ఇంకుబుడ్డిలో సగం అయితే ఎవరికీ కంటపడేది కాదు. పడినా మందనుకునేవారు. నిండు సీసా పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరైనా ఒక్కటే అనుకుంటారు.

గట్టు మీద సైకిలు కుదుపులకి పీచు బిరడా వదులైంది. ఆ రోజు ఎండ కూడా గట్టిగా ఉంది. మేస్టార్ల గదిలో సంచీ తగిలించి ఆయన మొదటి క్లాసుకి వెళ్ళారు. సారా కారి, సంచీ తడిసి, గదంతా వాసన. ఖర్మకొద్దీ ప్రెసిడెంటు గారు ఏదో పని మీద ఆ రోజే బడికి వచ్చారు. సీసా బయటికి తీసి, పిల్లలందరూ చూస్తుండగా మందార చెట్టు మొదట్లో పారబోయించారు. మధ్యాహ్నం నావలో వచ్చినవాళ్ళు ఇదంతా నాకు చెప్పారు.

మర్నాడు సాయంత్రం బడి వరండాలో పంచాయితీ పెట్టారు. కుర్చీల్లో ప్రెసిడెంటు గారు, హెడ్మాస్టరు గారు, పేట నుంచి చర్చి సంఘపెద్ద ఒకాయన. మేస్టారు నిలబడి ఉన్నారు. ఊరు ఊరంతా వచ్చింది. నేను కూడా జెండా కర్ర దగ్గర నిలబడ్డాను. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరి ఇళ్ళకి నా సీసాలే వెళ్ళేవి. ఎవరెవరో రాయను. నేనిప్పుడు ఒకరి తప్పు చెప్పడానికి కూచోలేదు.

"ఏమండి మేస్టారూ, బళ్ళోకి సారా ఎందుకు తెచ్చేరండి?"

"ఆకులో పచ్చరంగు దింపడానికండి. ఏడో తరగతి పాఠమండి. ఆకులో గంజి…"

"ఆకులకి కూడా తాగబోయిస్తారేంటండి!" అన్నారు ప్రెసిడెంటు గారు. జనం విరగబడి నవ్వారు.

"చేసి చూపిస్తానండి. పావుగంట చాలు."

"చూపించండి."

"సీసా పారబోయించేరు కదండీ. ఇంకొకటి తెప్పించండి, మీ ఎదురుగానే చేస్తాను."

"నేను తెప్పించాలా? బళ్ళోకి సారా నేను తెప్పించాలా?"

మళ్ళీ నవ్వులు. సంఘపెద్ద మాత్రం నవ్వలేదు. ఆయన నిదానంగా అడిగారు. "సరే బాబూ. తాగడానికి కాదనే అనుకుందాం. ఎవరిచ్చేరో చెప్పు. ఆయన్నే పిలిచి అడుగుదాం. ఆకు కోసమని అడిగేడా లేదా అని."

మేస్టారు తల వంచుకున్నారు.

"చెప్పవయ్యా."

"చెప్పలేనండి. చెబితే ఆయన్ని ఎక్సైజువాళ్ళు పట్టుకుపోతారండి. ఇల్లు గడవదు."

అని తల ఎత్తి జనం వంక ఒక్కసారి చూశారు. నన్ను వెతికి చూశారని చెప్పను. నా మీద నుంచి ఆ చూపు వెళ్ళింది. అంతే. అది వెళ్ళేటప్పుడు నేను కింద మట్టి చూస్తున్నాను.

అంతకు ముందు ఏడే ఎక్సైజువాళ్ళు నన్ను పట్టుకుని వదిలారు. రెండోసారి దొరికితే జైలే. రేవు పని పోతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఇంత వయసొచ్చాక ఇంకా అబద్ధమెందుకు, అసలు భయం అది కాదు. అంత జనంలో, నేనంటే గౌరవంగా ఆయ్ అనే జనంలో, "సారా కాచేది నేనే" అని నా నోటితో అనడానికి నామోషీ వేసింది. అందరికీ తెలుసు. అయినా నా నోటితో నేను అనాలి కదా. ఇంకుబుడ్డి చాలదన్నది ఏ పౌరుషమో, నోరు మూయించింది కూడా ఆ పౌరుషమే.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం పెట్టలేదు.

"ఏమయ్యో, నోట్లో కొరమీను పెట్టుకుని నిలబడ్డావా అక్కడ? దేవుడులాంటి మనిషి, నీ పేరు దాచేడు. నువ్వు ఆయన పరువు దాచలేవా?"

"రేపు వెళ్తాను లేవే."

"రేపంటే పొద్దున్నే వెళ్ళు. ఎండెక్కితే నీకు మళ్ళీ సిగ్గు మొలుస్తుంది."

పొద్దున్నే వెళ్ళాలనే లేచాను. కానీ మొండి బుర్ర కదా, చెప్పేముందు నేను చూడాలనుకున్నాను. బడి తలుపులు తీయకముందే వెళ్ళి, మందార చెట్టు మీద కాగితం గుచ్చిన ఆకు ఒకటి కోశాను. లంకలో పొయ్యి వెలిగించి, ఆయన నావలో చెప్పింది చెప్పినట్టు చేశాను. కాగితం తీసి ముందు ఆకుని మరిగే నీళ్ళలో ముంచాను. తరవాత గిన్నెలో సారా పోసి, ఆ గిన్నెని వేడినీళ్ళలో ఉంచాను. నేరుగా మంట మీద పెడితే భగ్గుమంటుందని ఆయన మరీ మరీ చెప్పారు. చూస్తుండగా సారా పచ్చగా అయింది. ఆకు పాలిపోయి, ఉల్లిపొరలా అయింది. బయటికి తీసి గోరువెచ్చటి నీళ్ళలో జాడించి, ఇంట్లో దెబ్బలకి ఉంచుకున్న టింక్చరు చుక్కలు వేశాను.

ఎండ తగిలిన మేరంతా నల్లబడింది. నడుమ, కాగితం ముక్క కప్పిన మేర, ముక్క ఎంతుందో అంతే, తెల్లగా మిగిలింది.

ఆ లంకలో ఒక్కణ్ణే కూచుని, "ఒప్పుకున్నానండి మేస్టారూ" అని పైకే అన్నాను. వినేవాడు లేడు.

ఆకుని తామరాకులో పెట్టి, రొంట్లో దోపుకుని ఒడ్డుకి వచ్చాను. నేరుగా ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళి బల్ల మీద పెట్టాలి. రేవులో జనం నిలబడి అరుస్తున్నారు, పెళ్ళివారు, ఆలస్యమైందని. వాళ్ళని దాటించాను. అవతల ఇంకొందరు. వాళ్ళనీ దాటించాను. ఒక దాటింపు అయ్యాక ఇంకొకటి చూసుకున్నాను. చూసుకున్నాను అన్నమాట నిజం. జనం లేనప్పుడు కూడా నావ కడుగుతూ కూచున్నాను. సాయంత్రం రొంట్లోంచి తీస్తే తామరాకు చెమటకి నలిగి, లోపల ఆకు పొడి పొడి అయిపోయింది. ఏం పట్టుకెళ్ళి చూపిస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకో ఆకు చెట్టుకే ఉంది. సారా నా ఇంట్లోనే ఉంది.

చూశాక కాదనడం అంటే ఇదే. నోటితో కాదనక్కర్లేదు.

సంఘంలో మేస్టారిని మూడు నెలలు ప్రభువు బల్లకి, చర్చిలో అందరికీ ఇచ్చే రొట్టెకీ ద్రాక్షరసానికీ, దూరం పెట్టారు. ఆదివారం బడి పిల్లల్ని ఆయన దగ్గర్నుంచి తీసేశారు. ఆయన మామూలుగానే మొదటి నావకి వచ్చేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. "బాగున్నారా బాబాయ్" అనేవారు, ఎప్పటిలాగే. పాఠాలు మాత్రం ఆగిపోయాయి. సంచీ ఖాళీగా వేలాడేది. చేపలామె ఒకసారి బొప్పాయి కాడ తుంపి ఇచ్చి నవ్వించబోయింది. ఆయన తీసుకుని, కాసేపు చేతిలో తిప్పి, నీళ్ళలో వదిలేశారు.

కొన్నాళ్ళకి ట్రాన్స్‌ఫరు వచ్చింది, ఎక్కడో మెట్టకి. సామాను నేనే దాటించాను. రెండు ట్రంకు పెట్టెలు, పరుపుచుట్ట, ఓ కుండీలో మొక్క. వాళ్ళావిడ నావకి అటు చివర, ఆయనకి వీపు పెట్టి, నీళ్ళ వంక చూస్తూ కూచున్నారు. ఊరు వదిలి వెళ్తున్న దిగులనుకున్నాను. దిగేటప్పుడు ఆయన నాతో అన్నది ఒక్కటే. "గెడ తగ్గించండి బాబాయ్. మీ ఊపిరి ఈ మధ్య తొందరగా పెరుగుతోంది." అంత జరిగినా నా ఊపిరి లెక్కెడుతూనే ఉన్నారు.

తరవాత కొన్నేళ్ళకి సారా మానేశాను. మంచివాణ్ణయ్యి కాదు, ఎక్సైజువాళ్ళు బట్టీ పగలగొట్టి, ఊట నేలపాలు చేశాక. ఒకసారి ద్రాక్షారామం వెళ్ళి వస్తూ రామచంద్రపురం బస్టాండులో మేస్టారిని దూరం నుంచి చూశాను. మెట్ట నుంచి అక్కడికి మారారని అంతకు ముందే విన్నాను. జుట్టు నెరిసింది. గొడుగు చంకలో పెట్టుకుని, నేల మీద చీమల బారు చూస్తూ నిలబడ్డారు. నడిచి వెళ్తే పది అడుగులు. నేను బస్సు చాటుకి తప్పుకున్నాను. ఆ బస్సు కదిలేదాకా ఆగి, వేరే బస్సెక్కాను.

టీ కొట్టు మాటలు విన్న మర్నాడే రామచంద్రపురం వెళ్ళాను. ఇది ఇంకెవరికైనా చెప్పేముందు వాళ్ళావిడకి చెప్పాలి కదా. ఇల్లు అడుగుతూ వెళ్ళాను. ఆమె గుర్తుపట్టారు. "కూచోండి బాబాయ్ గారూ" అని కుర్చీ వేశారు. నేను కూచోలేదు. నిలబడే అంతా చెప్పాను, ఇంకుబుడ్డి దగ్గర్నుంచి బస్టాండు దాకా. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. తిడతారనుకున్నాను. తిడితే పడదామనే వెళ్ళాను.

"ఆకు కోసమని నాకూ చెప్పేరండి" అన్నారు చివరికి. "ఎవరిచ్చేరండీ అని అడిగేను. ఆ ఒక్కటీ చెప్పలేదు. పేరు చెప్పని మనిషి మాట ఎలా నమ్మనండి? మా నాన్న తాగి తాగి పోయేడు. రోజుకో సాకు చెప్పేవోడు. నేనవన్నీ వింటూ పెరిగిందాన్నండి."

ఆమె ఇంకా చెప్పారు.

"ఏడాది పాటు, ఆదివారం మజ్జానం ఆయన నడుం వాల్చేక, దగ్గరికెళ్ళి నోరు వాసన చూసేదాన్నండి బాబాయ్ గారూ. ఓసారి మెలకువగానే ఉన్నారు. కళ్ళు తెరవలేదు. చూడనిచ్చేరు."

ఆ మాట దగ్గర నాకు కూచోవాలనిపించింది. కూచున్నాను.

"మొన్న కాకినాడలో డాక్టరు గారు, తాగుడు అలవాటుందా అని అడిగేరండి. లేదండి అన్నారీయన. డాక్టరు గారు నా వంక చూసేరు. ఈయనా చూసేరు. లేదండి అని నేను వెంటనే అనలేకపోయేను. అన్నాను. కానీ ఆలస్యంగా అన్నాను."

బయట రోడ్డు మీద బస్సులు వెళ్తున్నాయి. ఆమె నన్ను సూటిగా చూసి అడిగారు.

"నిజంగా తెల్లబడిందా అండి, ఆ ఆకు?"

"తెల్లబడిందమ్మా. నా కళ్ళతో చూసేను. ఎండ తగిలిన మేర నల్లబడింది. కాగితం కప్పిన మేర తెల్లగానే ఉంది."

"ఆయన చెప్పినట్టే?"

"ఆయన చెప్పినట్టేనమ్మా."

తల ఊపారు. మంచినీళ్ళు తెస్తానని లేచి లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. వెళ్ళొస్తానని చెబుదామని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపల గోడ మేకుకి ఆయన చొక్కా ఇంకా తగిలించే ఉంది. ఉతకలేదు, మోచేతి దగ్గర సుద్దపొడి మరక. ఆమె దాన్ని మేకు నుంచి తీసి, రెండు చేతులతో మొహానికి ఆనించుకుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. భుజాలు నిండుగా ఒకసారి లేచి దిగాయి. మళ్ళీ లేచాయి. నేను చప్పుడు చెయ్యకుండా చెప్పులు వేసుకున్నాను.